తోడు వెళ్లువారు కావలెను
(వికలాంగులకును వారి కుటుంబములకును సంఘము చేయదగిన సహాయమును గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 4:4, 9వ అధ్యాయము, 16:1-4, 19:24-30.

పాఠము ఉద్దేశము: వికలాంగులపై జాలి చూపుటతో ఆగిపోక, చట్టము వారికిచ్చిన హక్కులు వారి చేతికి అందునట్లు మనము ఎట్లు తోడ్పడగలమో తెలిసికొనుట.



ఒడిశాలోని ఒక రైల్వే ఊరిలో మన సంఘస్థురాలైన ఒక తల్లి ఉన్నది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి, రిటైరై, కొన్ని సంవత్సరముల క్రితము కన్నుమూసెను. కుమారునికి 26 ఏండ్లు. చిన్ననాటి నుండి బుద్ధి వికాసము తక్కువ. స్నానము, భోజనము తానే చేసికొనును. డబ్బు లెక్క తెలియదు. ఒంటరిగా బజారునకు వెళ్లి తిరిగి రాలేడు. ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండి, పాట మొదలైన వెంటనే చప్పట్లు కొట్టును. అతడన్న అందరికిని ప్రేమయే. అతని కొరకు ప్రార్థించని వారము లేదు. క్రిస్మసుకు బట్టలు పెట్టని సంవత్సరము లేదు.

అయితే ఇన్నేండ్లలో అతనికి వైకల్య ధ్రువపత్రము తీసికొనవలెనని మాలో ఎవరమును చెప్పలేదు. తండ్రి పింఛను కాగితములలో కుమారుని పేరే లేదు. అక్క పెండ్లికి అడ్డు వచ్చునేమోనని మొదట దాచిరి. తరువాత ఆ సంగతే మరచిరి. ఒకనాటి రాత్రి ప్రార్థన కూటము ముగిసిన తరువాత ఆ తల్లి, "నా తరువాత వీడిని ఎవరు చూస్తారండీ?" అని అడిగినప్పుడు మాలో ఎవరికిని జవాబు దొరకలేదు. ఈ పాఠము ఆ ప్రశ్న నుండి పుట్టినది.

1. మెఫీబోషెతు కథలో మూడు సంగతులు

మెఫీబోషెతు పుట్టుకతో కుంటివాడు కాడు. అయిదేండ్ల వయస్సులో దాది అతనిని ఎత్తుకొని పరుగెత్తుచుండగా పడిపోయి రెండు కాళ్లును పోగొట్టుకొనెను. పెద్దవాడైన తరువాత లోదెబారులో మాకీరు ఇంట ఉండెను. అతని కథను మనము సాధారణముగా రాజు దయను గూర్చి చెప్పుటకు వాడుదుము. ఈ పాఠములో మరి మూడు సంగతులు గమనించుదము.

మొదటిది, మెఫీబోషెతు రాజునొద్దకు అర్జీతో రాలేదు. రాజే విచారించి, మనుష్యులను పంపి, అతనిని రప్పించెను. సహాయము అవసరమైనవాడు నడచి రాలేనప్పుడు, నడువగలిగినవారే వెళ్లవలెను.

రెండవది, భోజనపు బల్లయొద్ద చోటు ఇచ్చుటకు ముందే దావీదు అతని తాత భూమిని తిరిగి ఇప్పించుదునని చెప్పెను. బల్ల ప్రేమకు గుర్తు, భూమి హక్కు. ఒకటి ఇచ్చి మరియొకటి మరచిపోలేదు.

మూడవది మనము తరచుగా విడిచిపెట్టు భాగము. ఆ భూమిని సేద్యము చేయుటకు నియమింపబడిన సీబా, కష్టకాలము వచ్చినప్పుడు యజమానిని వదలి తాను రాజునొద్దకు వెళ్లి, అతనిమీద నేరము చెప్పి, ఆస్తియంతయు తన పేర వ్రాయించుకొనెను. కుంటివాడు గనుక మెఫీబోషెతు వెంటనే వెళ్లి తన మాట చెప్పుకొనలేకపోయెను. తరువాత అతని మాట విన్న రాజు కూడ భూమిని ఇద్దరికిని పంచుమనెనే గాని, పూర్తిగా తిరిగి ఇప్పించలేదు. నమ్మి అప్పగించిన ఆస్తికి లెక్క అడుగువాడు లేనియెడల ఏమగునో ఇక్కడ చూడవచ్చును.

వెళ్లి తోడుండుట, హక్కును ఇప్పించుట, లెక్క అడుగుట. ఈ మూడును నేటి మన పనికి ఎట్లు వర్తించునో ఇప్పుడు చూతము.

2. చట్టము ఏమి చెప్పుచున్నది?

1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు రకముల వైకల్యములే ఉండెను. దాని స్థానములో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఇందులో 21 రకములు కలవు. చూపు, వినికిడి, కాళ్లుచేతుల లోపములే గాక, బుద్ధి వైకల్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మానసిక రోగము, కండరముల క్షీణత, చదువుటలోను వ్రాయుటలోను ప్రత్యేకమైన ఇబ్బంది, తలసీమియా, సికిల్ సెల్ రక్తవ్యాధి, పార్కిన్సన్ వ్యాధి మొదలైనవి చేరినవి. చేతులు వణకుచున్న మన పెద్దవారిలో అనేకులు ఈ చట్టము తమకు వర్తించవచ్చునని ఎరుగరు.

వైకల్యము 40 శాతము లేక అంతకు మించి ఉన్నట్లు ధ్రువపరచబడినవారికి ముఖ్యమైన సౌకర్యములు దొరకును. 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వ మరియు ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతము సీట్లు, ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము రిజర్వేషను అందులో కొన్ని. ప్రభుత్వోద్యోగి ఒకడు ఉద్యోగములో ఉండగా వికలాంగుడైనయెడల, ఆ కారణముచేత అతనిని తీసివేయరాదు, హోదా తగ్గింపరాదు. నలుగురిలో వికలాంగుని ఉద్దేశపూర్వకముగా అవమానించినవారికి ఆరు నెలల నుండి అయిదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును.

3. నివసించుచున్న చోటనే ధ్రువపత్రము

పై చెప్పిన తల్లి మొదట శ్రీకాకుళము జిల్లాలోనున్న తన తమ్ముని అడిగెను. "అక్కా, ఇక్కడ వికలాంగులకు నెలకు ఆరు వేలు ఇస్తున్నారు. వాడి ఆధార్ మా ఇంటి అడ్రసుకు మార్పించు, సదరం క్యాంపులో రాయిద్దాం" అని అతడు ప్రేమతోనే చెప్పెను. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2024లో 6,000 రూపాయలైన మాట నిజమే. అయితే అది అక్కడ నివసించువారికి. మనము రెండు మూడు తరములుగా ఇక్కడ ఉన్నాము. మన రేషను కార్డు, ఓటు ఇక్కడనే ఉన్నవి. లేని నివాసము చూపి పింఛను తీసికొనుట అబద్ధము. పైగా మోసముతో వికలాంగుల సౌకర్యము పొందినవారికి ఈ చట్టము క్రిందనే రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. మంచి మనస్సుతో ఇచ్చిన సలహాయైనను బిడ్డకు ముప్పు తేవచ్చును.

సరియైన మార్గమిది. నివాసమున్న జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొని ధ్రువపత్రమును, దానితోపాటు యు.డి.ఐ.డి. అను గుర్తింపు కార్డును పొందవలెను. దీనికి 'స్వావలంబన్' అను కేంద్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవలెను. ఆధార్, ఫోటో, పాత వైద్య కాగితములు, వాడుచున్న మందుల చీటీలు సిద్ధపరచుకొనవలెను. 2024లో సవరించిన నియమముల ప్రకారము 40 శాతము లోపు వారికి తెల్ల కార్డు, 40 నుండి 80 లోపు వారికి పసుపు కార్డు, 80 శాతము మరియు అంతకు మించిన వారికి నీలపు కార్డు ఇచ్చెదరు. ధ్రువపత్రము ఒక రాష్ట్రములో తీసికొన్నను దేశమంతటను చెల్లును. శాతము తప్పుగా వేసిరని తోచినయెడల అప్పీలు చేసికొనవచ్చును.

ఆ తల్లితో మన యౌవనస్థుడొకడు తోడు వెళ్లెను. మొదటి దినమున పరీక్షించువారు ఒడియాలోను హిందీలోను ప్రశ్నలడిగిరి. కుమారుడు నోరు విప్పలేదు. అది బుద్ధి లోపమో, భాష తెలియకపోవుటయో వారికి తేలలేదు, మరల రమ్మనిరి. రెండవసారి ఆ యౌవనస్థుడు, "అయ్యా, ఇతనికి తెలుగు తప్ప మరేదియు రాదు. నేను ప్రక్కన ఉండి చెప్పెదను" అని వేడుకొనగా వారు ఒప్పుకొనిరి. అతడు తన పేరు చెప్పెను. తల్లి పేరు చెప్పెను. పది రూపాయల నోటును, యాభై రూపాయల నోటును వేరుగా గుర్తుపట్టలేకపోయెను. అప్పుడు గాని పరీక్ష సరిగా జరుగలేదు. కాబట్టి ఇంటి భాష ఎరిగినవారు తోడు వెళ్లుట చిన్న సహాయము కాదు.

4. ఏ రాష్ట్రములో ఏ మాట అడుగవలెను?

కార్యాలయములో మాట తెలియక తిరిగి వచ్చినవారు మనలో ఉన్నారు. కావున ఈ మాటలు వ్రాసి ఉంచుకొనుడి.

కర్ణాటకలో 'వికలచేతన' లేక 'అంగవికల' అందురు. గ్రామ పంచాయతీలలో వికలాంగుల పునర్వసతి కార్యకర్తలు, తాలూకాలో వారిపై మరియొక కార్యకర్త ఉందురు. వారు సాధారణముగా వికలాంగులలో నుండియే నియమింపబడినవారు. పింఛను దరఖాస్తు నాడ కచేరిలో ఇయ్యవలెను.

తమిళనాడులో 'మాట్రుత్తిరనాళి' అను మాట అడుగుడి. ప్రతి జిల్లాలో వారి సంక్షేమాధికారి కార్యాలయమున్నది. కలెక్టరు కార్యాలయములో సోమవారము జరుగు ప్రజల అర్జీల దినమున అర్జీ ఇచ్చి రసీదు తీసికొనవచ్చును.

ఒడిశాలో 'భిన్నక్షమ' అందురు. బ్లాకు స్థాయిలో సామాజిక భద్రతాధికారి ఉండును. మధుబాబు పింఛను పథకము అక్కడిదే. భీమ భోయి పేర జరుగు శిబిరములలో పరీక్ష, ధ్రువపత్రము, ఉపకరణముల పనులు ఒకేచోట చూచెదరు.

మహారాష్ట్రలో 'దివ్యాంగ' అందురు. పాతవారు 'అపంగ' అనియు అందురు. తహసీల్దారు కార్యాలయములో సంజయ్ గాంధీ నిరాధార పథకమును గూర్చి అడుగుడి.

యానాము చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నను, యానాము పుదుచ్చేరిలో భాగము. కావున పింఛను పుదుచ్చేరి ప్రభుత్వమునకు సంబంధించినది. గోదావరి అవతలనున్న బంధువుల లెక్క యానాము వారికి వర్తించదు.

పెద్ద పరీక్షలకును చికిత్సకును కేంద్ర ప్రభుత్వ సంస్థలు మన దగ్గరలోనే ఉన్నవి. వినికిడి, మాట విషయములో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబై బాంద్రాలోని అలీ యావర్ జంగ్ సంస్థ. కాళ్లుచేతుల విషయములో కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద సంస్థ. ఒకటికంటె ఎక్కువ వైకల్యములున్నవారికి చెన్నై దగ్గర ముట్టుకాడులోని సంస్థ. మానసిక రోగములకు బెంగళూరులోని నిమ్హాన్స్. బుద్ధి వైకల్యమునకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ కలదు.

5. చిన్న బిడ్డల విషయము

బిడ్డ రెండేండ్లు దాటినను మాటలాడకపోయినయెడల మన ఇండ్లలో, "ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. రెండు భాషలు గదా, అందుకే ఆలస్యం" అని అవ్వలు ఓదార్చుదురు. ఇది పొరపాటు. రెండు భాషలు వినుటవలన బిడ్డకు మాట వైకల్యము రాదు. ఆలస్యమైనయెడల మొదట చెవి పరీక్ష చేయించవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను 18 ఏండ్ల వరకు బిడ్డలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రమునకు పంపుదురు. వినికిడి లోపము ఎంత త్వరగా తెలిసిన అంత మేలు. పోయిన ఆ తొలి సంవత్సరములు తిరిగి రావు. తెలుగు మాని వేరే భాష మాటలాడుమని ఎవరైన చెప్పినను తల్లి తన భాషను మానవలసిన పనిలేదు.

వలస వచ్చిన మన బిడ్డలు ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో రాష్ట్ర భాష, ఇంగ్లీషు, కొన్నిచోట్ల హిందీ కూడ నేర్చుకొనవలెను. వినికిడి లోపమున్న బిడ్డకు, చదువుటలో ప్రత్యేక ఇబ్బందియున్న బిడ్డకు ఇది మోయలేని బరువు. 2016 నాటి చట్టము పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టు మనిషి, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. పదవ తరగతి పరీక్షలు దగ్గర పడిన తరువాత అడిగిన ప్రయోజనము తక్కువ. ధ్రువపత్రముతోపాటు ముందుగానే ప్రధానోపాధ్యాయునికి వ్రాసి ఇయ్యవలెను.

6. "నా తరువాత ఎవరు?"

ఈ ప్రశ్నకు చట్టములో కొంత జవాబు కలదు. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి వైకల్యము, బహుళ వైకల్యములు గలవారి కొరకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టము చేయబడినది. 18 ఏండ్లు దాటినవారికి అవసరమైనయెడల చట్టబద్ధ సంరక్షకుని నియమించుటకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండును. అందులో జిల్లా కలెక్టరు హోదాగల అధికారి, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు సభ్యులు. తల్లిదండ్రులు తాము నమ్మినవారి పేరు సూచింపవచ్చును. ఇక్కడ సీబాను జ్ఞాపకము చేసికొనుడి. సంరక్షకుడు నియమింపబడిన ఆరు నెలలలోగా ఆ వ్యక్తి ఆస్తి జాబితాను కమిటీకి ఇయ్యవలెను. ఆ తరువాత ఏటేట లెక్క చెప్పవలెను. సరిగా చూడనియెడల అతనిని తొలగింపవచ్చును. కావున మాట మీద అప్పగించుట కంటె కమిటీ ద్వారా అప్పగించుట బిడ్డకు క్షేమము. ఇదే ట్రస్టు క్రింద 'నిరామయ' అను లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడ కలదు.

రెండవ సంగతి. రైల్వేలోను, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖలలోను పనిచేసి పింఛను పొందువారు వినుడి. జీవనోపాధి సంపాదించుకొనలేని వికలాంగులైన కుమారునికి లేక కుమార్తెకు, నియమములకు లోబడి, జీవితాంతము కుటుంబ పింఛను వచ్చు అవకాశమున్నది. తల్లిదండ్రులు బ్రదికియుండగానే ఆ పేరును పింఛను కాగితములలో చేర్పించుకొనవచ్చును. మన సంఘములలో రైల్వేవారు అనేకులున్నారు. ఈ ఒక్క పని నేడు చేసినయెడల మీ బిడ్డ రేపు ఇంటింటికి తిరుగవలసిన అగత్యముండదు.

7. కాదనినప్పుడు ఏమి చేయవలెను?

నోటిమాటతో తిరిగి రాకూడదు. అర్జీ వ్రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకొనుడి. కాదనినయెడల కారణము వ్రాసి ఇమ్మని మర్యాదగా అడుగుడి. అప్పటికిని పని జరుగనియెడల ప్రతి రాష్ట్రములో వికలాంగుల కమిషనరు ఉన్నాడు. తెల్లకాగితము మీద ఫిర్యాదు వ్రాసి పంపవచ్చును. వకీలు అవసరము లేదు. కోర్టు పని పడినయెడల జిల్లా న్యాయసేవాధికార సంస్థ వికలాంగులకు ఉచితముగా వకీలును ఇచ్చును. దీనికి ఆదాయ పరిమితి లేదు.

రాత్రింబగళ్లు చాకిరీ చేయు తల్లి కూడ అలసిపోవును. నిద్ర పట్టక, మనస్సు క్రుంగియున్నవారు 14416 అను టెలి మానస్ నంబరుకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. సంఘములో ఒకరు వారానికి ఒక పూట ఆ బిడ్డయొద్ద కూర్చున్న, తల్లికి ఊపిరి తీసికొనుటకు వీలగును.

8. మన మందిరములో

చట్టములో ప్రజలు వచ్చు భవనములను గూర్చి చెప్పినచోట మత కార్యముల కొరకైన భవనములు కూడ చేరియున్నవి. మన మందిరపు మెట్లు ఎన్ని? వాలు దారి కట్టునప్పుడు ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెను. అంతకంటె నిటారుగా ఉన్నయెడల చక్రముల కుర్చీ జారును. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టునంత వెడల్పు ఉన్నదా? బాప్తిస్మపు తొట్టిలోనికి దిగుటకు పట్టుకొను కమ్మీ ఉన్నదా? కుంటి, గుడ్డి, మూగ, పిచ్చి అను మాటలను పేర్లకు ముందు తగిలించి పిలుచుట మానితిమా? ఎవరి పాపమువలన ఇట్లాయెనని శిష్యులు అడిగిన ప్రశ్నకు యోహాను 9వ అధ్యాయములో జవాబు స్పష్టముగా ఉన్నది. ఆ ప్రశ్నను ఏ తల్లి యెదుటను మరల అడుగరాదు.

ముగింపు

ఆ కుమారునికి నాలుగవసారి వెళ్లినప్పుడు ధ్రువపత్రము వచ్చినది. అక్కను సంరక్షకురాలిగా నియమించుమని స్థానిక కమిటీకి అర్జీ పెట్టిరి. తండ్రి పింఛను కాగితములో అతని పేరు చేర్చుటకు రైల్వేవారికి వ్రాసిరి. జవాబు ఇంకను రాలేదు. తండ్రి బ్రదికియున్నప్పుడే చేసియున్న ఎంతో సులువుగా ఉండెడిది. ఆ ఆలస్యములో మా అందరికిని పాలున్నది. ఇప్పుడు ఆ తల్లి ఆ ప్రశ్న మానలేదు గాని, అడుగునప్పుడు ఆమె చేతిలో ఒక సంచి, సంచిలో కాగితములు, ప్రక్కన తోడు వెళ్లువాడొకడు ఉన్నారు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో వికలాంగులున్న కుటుంబములెన్ని? వారిలో ధ్రువపత్రము లేనివారెవరు?
2. దావీదు మెఫీబోషెతుకు బల్లయొద్ద చోటు మాత్రమే ఇచ్చి భూమిని ఇప్పించకపోయిన ఏమి కొరత యుండెడిది?
3. సీబా వంటి అన్యాయము జరుగకుండ మన కుటుంబములలో ఏ జాగ్రత్త తీసికొనవచ్చును?
4. రాష్ట్ర భాష చదువను, వ్రాయను వచ్చిన యౌవనస్థులు మనలో ఎవరు? నెలకు ఒక దినము తోడు వెళ్లుటకు వారిలో ఎవరు ఒప్పుకొందురు?

ఈ నెల పని: స్త్రీల సమాజమువారును యౌవనస్థులును కలిసి మొదటి ప్రశ్నకు జాబితా వ్రాయుడి. ఆ కుటుంబముల అనుమతితోనే వ్రాయుడి; వారి సంగతులు సభలో చదువవద్దు. జాబితాలోని మొదటి పేరుతో ఈ నెలలోనే ఒకరు కార్యాలయమునకు బయలుదేరుడి.